సన్నటి రైడర్లు, ఎత్తైన కొండలు: టూర్ డి ఫ్రాన్స్ మన ఇంటికి చెప్పే పాఠం



జులై నెల వస్తే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు దృశ్యాలు ఫోన్లలో తిరుగుతూ ఉంటాయి. మీ పిల్లలు కూడా చూసే ఉంటారు. కొండ దారిలో అందరికన్నా ముందు వెళ్తున్న రైడర్‌ను దగ్గరగా చూపించినప్పుడు గమనించండి. బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి. చేతులు పుల్లల్లా ఉంటాయి. జెర్సీ జిప్పు తీస్తే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి కనిపిస్తాయి. మన ఇంట్లో పిల్లలు అలా తయారైతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. అలాంటి మనిషి ప్రపంచంలోని అతి కష్టమైన రేసుల్లో ఒకదాన్ని గెలుస్తున్నాడు!

ఇది చూసిన 13, 14 ఏళ్ల పిల్లలకు "సన్నబడితే చాలు, వేగం దానంతట అదే వస్తుంది" అనిపించడం సహజం. ఆ మాటలో కొంత నిజం ఉంది. మిగతాది ప్రమాదం. ఎంతవరకు నిజమో, ఎక్కడ ప్రమాదం మొదలవుతుందో ఈ నెల పాఠంలో చూద్దాం. ఇందులో 9వ తరగతి భౌతికశాస్త్రం ఉంది, కొంచెం జీవశాస్త్రం ఉంది, మన వంటింటి సంగతీ ఉంది. వీలైతే పిల్లలతో కలిసి చదవండి.

ముందు రేసు గురించి నాలుగు మాటలు

టూర్ డి ఫ్రాన్స్ 1903లో మొదలైంది. పురుషుల రేసు మూడు వారాలు సాగుతుంది. మొత్తం 21 స్టేజీలు, మధ్యలో రెండు విశ్రాంతి రోజులు. దూరం ఏటా కొద్దిగా మారుతుంది కానీ సుమారు 3,400 కిలోమీటర్లు అనుకోవచ్చు. ఇంచుమించు కశ్మీర్ నుంచి కన్యాకుమారికి రోడ్డు మీద సైకిల్ తొక్కినట్టు! దారిలో ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలు కూడా ఎక్కాలి.

ప్రతి రోజూ పట్టిన సమయాన్ని కూడుతూ పోతారు. చివరికి ఎవరి మొత్తం సమయం తక్కువో వారే విజేత. 1989లో 3,285 కిలోమీటర్లు తొక్కిన తర్వాత అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్, ఫ్రాన్స్‌కు చెందిన లోరాన్ ఫిన్యోన్‌ను కేవలం 8 సెకన్ల తేడాతో ఓడించాడు. ఈ 8 సెకన్లను గుర్తుపెట్టుకోండి. రైడర్లు ఒక్కో కిలో కోసం ఎందుకు తాపత్రయపడతారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

కొండ మీద బరువు లెక్క

9వ తరగతిలో 'పని – శక్తి' పాఠం ఉంది. ఒక వస్తువును పైకి ఎత్తడానికి చేయాల్సిన పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. ఆ పనిని ఎంత తొందరగా చేశామన్నదే సామర్థ్యం. దాన్ని వాట్లలో కొలుస్తాం.

టూర్‌లో పేరుపడ్డ కొండ ఆల్ప్ డ్యూయెజ్. 13.8 కిలోమీటర్ల దారి, 21 మలుపులు, సగటు వాలు 8.1 శాతం. కింది నుంచి పైకి సుమారు 1,100 మీటర్ల ఎత్తు. 66 కిలోల రైడర్, సైకిల్, బూట్లు, హెల్మెట్, నీళ్ల సీసా అన్నీ కలిపి 75 కిలోలు అనుకుందాం. (రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తేలికగా ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం.)

పని = 75 × 9.8 × 1,100 = 8,08,500 జౌళ్లు.
40 నిమిషాల్లో, అంటే 2,400 సెకన్లలో ఎక్కితే, సామర్థ్యం = సుమారు 337 వాట్లు.

గాలి నిరోధం, టైర్ల ఘర్షణ కలిపితే ఇంకా ఎక్కువే కావాలి. లెక్క తేలికగా ఉండాలని వాటిని పక్కన పెడదాం. ఇప్పుడు అదే రైడర్ ఒక్క కిలో ఎక్కువ ఉన్నాడనుకోండి. అదే 337 వాట్లతో తొక్కితే పట్టే సమయం 2,432 సెకన్లు. అంటే 32 సెకన్లు ఆలస్యం! ఐదు కిలోలు ఎక్కువైతే 2 నిమిషాల 40 సెకన్లు. అది కూడా ఒక్క కొండ మీదే. 8 సెకన్లతో టూర్ చేజారిన ఆటలో 32 సెకన్లంటే చిన్న విషయం కాదు.

తిరుమలకు అలిపిరి మెట్ల దారిలో నడిచి వెళ్లినవారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించక్కర్లేదు. కింద బయల్దేరినప్పుడు తేలిగ్గా అనిపించిన సంచి మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఎంత బరువెక్కుతుందో వారికి తెలుసు.

ఏం తగ్గింది? ఎప్పుడు తగ్గింది?

కాబట్టి కొండ మీద లెక్కలోకి వచ్చేది మొత్తం సామర్థ్యం ఒక్కటే కాదు, ప్రతి కిలో బరువుకు ఎన్ని వాట్లు అన్నది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఇది ఒక భిన్నం. పైన సామర్థ్యం, కింద బరువు. కింది సంఖ్య తగ్గించే తొందరలో పైది కూడా తగ్గిపోతే లాభం ఏముంది?

కెన్యాలో పుట్టి బ్రిటన్ తరఫున పోటీపడ్డ క్రిస్ ఫ్రూమ్ 2013, 2015, 2016, 2017 సంవత్సరాల్లో టూర్ గెలిచాడు. 2015లో లండన్‌లోని ఒక ప్రయోగశాలలో తన శరీరాన్ని పరీక్ష చేయించుకుని ఆ ఫలితాలను బయటపెట్టాడు. 2007లో స్విట్జర్లాండ్‌లో జరిగిన పాత పరీక్ష వివరాలు కూడా అప్పుడే బయటికి వచ్చాయి. 2007లో అతని బరువు 75.6 కిలోలు, అందులో కొవ్వు 16.9 శాతం. 2015లో బరువు 69.9 కిలోలు, కొవ్వు 9.8 శాతం.

ఈ శాతాల లెక్క మీ పిల్లల చేత చేయించండి. 2007లో కొవ్వు సుమారు 12.8 కిలోలు, మిగిలిన శరీరం 62.8 కిలోలు. 2015లో కొవ్వు సుమారు 6.9 కిలోలు, మిగిలిన శరీరం 63 కిలోలు. అంటే తగ్గిన 5.7 కిలోలూ కొవ్వే. కండ, ఎముక, రక్తం ఉన్న భాగం చెక్కుచెదరలేదు.

ఇందులో మనం చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది, తూకం యంత్రం చూపే ఒక్క అంకె ఈ సంగతి చెప్పదు. తిండి మానేసిన పిల్లల బరువు కూడా తగ్గుతుంది, కానీ కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అంకె ఒకటే అయినా లోపల జరిగేది వేరు. రెండోది, ఈ మార్పుకు, ఈ రెండు పరీక్షలకూ మధ్య ఎనిమిదేళ్లు ఉన్నాయి. మొదటి పరీక్ష నాటికే అతనికి 22 ఏళ్లు. ఎత్తు పెరగడం, ఎముకలు సాగడం అన్నీ అప్పటికే అయిపోయాయి. మన 9వ తరగతి పిల్లల శరీరంలో ఆ పని ఇంకా జరుగుతూనే ఉంది.

చదును దారిలో కథ మారుతుంది

కొండ దిగి చదును నేల మీదికి వస్తే బరువు అంత పెద్ద విషయం కాదు. అక్కడ అసలు అడ్డంకి గాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి కావాల్సిన సామర్థ్యం వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి. అందుకే రైడర్లు గుంపుగా, ఒకరి వెనక ఒకరు దాక్కుని తొక్కుతారు.

ఇక్కడ పొడవుగా, బలంగా ఉన్న రైడర్‌కే లాభం. ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా ఎత్తు 1.93 మీటర్లు, బరువు 80 కిలోల పైన. కొండ మీద సన్నటి రైడర్లతో పోటీపడటం అతనికి కష్టం. కానీ 2022 అక్టోబర్ 8న స్విట్జర్లాండ్‌లోని గ్రెన్‌షెన్ ట్రాక్ మీద ఒక్క గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అతన్ని ఎవరైనా "పది కిలోలు తగ్గు" అని బలవంతపెట్టి ఉంటే ఆ రికార్డు వచ్చేదా?

టూర్‌లో ఒక్కో జట్టుకు ఎనిమిది మంది ఉంటారు. కొండలెక్కే సన్నటివారు, చివరి 200 మీటర్లలో దూసుకుపోయే స్ప్రింటర్లు, గాలికి ఎదురు నిలిచి నాయకుడిని కాపాడే దృఢకాయులు, అందరూ కలిస్తేనే జట్టు. టీవీ కెమెరా మాత్రం చివరి కొండ మీద మిగిలిన ఇద్దరు ముగ్గురు సన్నటివారినే ఎక్కువసేపు చూపిస్తుంది. పిల్లలు చూసేది ఆ ముక్కే.

ఇలాగే తొక్కాలని ఉందా?

శరీరాలు వేరైనప్పుడు తొక్కే తీరులు కూడా వేరవుతాయి. ముగ్గురు విజేతలను చూడండి.

మార్కో పంతానీ ఇటలీ రైడర్. ఎత్తు 1.72 మీటర్లు, బరువు 57 కిలోల ప్రాంతం. 1998లో జీరో డి ఇటాలియా, టూర్ డి ఫ్రాన్స్ రెండూ గెలిచాడు. కొండ మీద సీటులోంచి లేచి, హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని తొక్కేవాడు. మామూలుగా ఆ వంపులను చదును దారిలో వేగం కోసం పట్టుకుంటారు.

స్పెయిన్‌కు చెందిన మిగెల్ ఇండురైన్ ఎత్తు 1.88 మీటర్లు, బరువు దాదాపు 80 కిలోలు. 1991 నుంచి 1995 వరకు వరుసగా ఐదు టూర్‌లు గెలిచాడు. కొండల మీద కూడా ఎక్కువగా సీటులో కూర్చునే, భుజాలు కదలకుండా, ఒకే లయలో తొక్కేవాడు.

ఇక ఫ్రూమ్. మోచేతులు రెండు పక్కలకూ పొడుచుకు వచ్చి ఉంటాయి. తల ఎప్పుడూ హ్యాండిల్ వైపు వంగి ఉంటుంది. కాళ్లు మాత్రం చాలా వేగంగా తిరుగుతుంటాయి. చూడటానికి అందంగా ఉండదని సైక్లింగ్ తెలిసినవారే అనేవారు. ఆ తీరుతోనే నాలుగు టూర్‌లు గెలిచాడు.

దీని వెనక కారణాలున్నాయి. సీటులో కూర్చున్నప్పుడు శరీర బరువును సీటు మోస్తుంది. లేచి నిలబడితే ఆ బరువును కాళ్లు, చేతులే మోయాలి. తేలికైనవారు ఎక్కువసేపు నిలబడి తొక్కగలరు. బరువైనవారికి కూర్చోవడమే పొదుపు. కాళ్లు వేగంగా తిప్పడంలోనూ లెక్క ఉంది. 400 వాట్ల సామర్థ్యంతో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే ఒక్కో చుట్టుకు 400 జౌళ్ల పని పడుతుంది. అదే 90 సార్లు తిప్పితే ఒక్కో చుట్టుకు 267 జౌళ్లే. ప్రతి తొక్కులోనూ కాలి మీద పడే భారం తగ్గుతుంది. మీ పిల్లల గేర్ల సైకిల్‌కు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేసి కాళ్లు చురుగ్గా తిప్పమని చెప్పండి, మోకాళ్లకు మంచిది.

కానీ ఒక తీరును మాత్రం పిల్లలు అస్సలు అనుకరించకూడదు. 2016 టూర్‌లో పిరనీస్ పర్వతాల్లోని పేరెసూర్డ్ కొండ దిగుతూ ఫ్రూమ్ సీటు వదిలి సైకిల్ అడ్డ రాడ్డు మీద కూర్చుని, ఛాతీ హ్యాండిల్‌కు ఆనించి, అలాగే పెడల్ తొక్కుతూ ఆ రోజు స్టేజీ గెలిచాడు. గాలికి తక్కువ అడ్డం వచ్చే భంగిమ అది. ప్రమాదకరమని 2021 ఏప్రిల్ నుంచి యూసీఐ దాన్ని నిషేధించింది. ఆ వీడియోలు ఇప్పటికీ ఫోన్లలో దొరుకుతాయి. మీ కాలనీలోని ఏటవాలు రోడ్డు మీద దాన్ని ప్రయత్నించకుండా ఒక మాట చెప్పి ఉంచండి.

ఈ ముగ్గురి భంగిమలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. బయటికి కనిపించే ఆకారం, కూర్చునే తీరు గెలుపుకు కారణాలు కావు. ఏళ్ల తరబడి చేసిన సాధన ఆ శరీరంలో ఎలా ఇమిడిందో చెప్పే గుర్తులు మాత్రమే. గుర్తును అనుకరిస్తే సాధన రాదు.

ఆ సన్నదనానికి కట్టే మూల్యం

టూర్ రోజుల్లో కనిపించే ఆ శరీరం ఏడాది పొడవునా ఉండదు. ఒక రేసు కోసం, కొన్ని వారాల కోసం, డాక్టర్లు, పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో దాన్ని తయారు చేసుకుంటారు. 2025లో ఫ్రాన్స్‌కు చెందిన పౌలీన్ ఫెరాన్-ప్రెవో ఏప్రిల్‌లో రాళ్లు పరిచిన దారుల రేసు పారిస్–రూబే గెలిచింది. ఆగస్టులో కొండల మీద మహిళల టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది. కొండల కోసం బరువు తగ్గానని ఆమే చెప్పింది. ఎప్పుడూ ఇలాగే ఉండాలని తాను అనుకోవడం లేదని, ఇది నూటికి నూరుపాళ్లు ఆరోగ్యకరమైన స్థితి కాదని కూడా ఆమే చెప్పింది. గెలిచిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి పిల్లలకు తప్పకుండా చెప్పండి.

చేసే శ్రమకు తగిన తిండి లేకపోతే శరీరం ఖర్చు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. నెల జీతం సరిపోని ఇంట్లో ముందు మరమ్మతులు వాయిదా వేసినట్టు, శరీరం కూడా మరమ్మతులనే ముందు ఆపుతుంది. హార్మోన్లు తగ్గుతాయి. అమ్మాయిలకు నెలసరి తప్పుతుంది. ఎముకలు పలచబడతాయి. జలుబు, జ్వరాలు తరచూ వస్తాయి. నిద్ర, ఏకాగ్రత, మూడ్ దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ లక్షణాలన్నిటినీ కలిపి 'రెడ్-ఎస్' అనే పేరు పెట్టింది. క్రీడల్లో శక్తి కొరత వల్ల వచ్చే సమస్య అని దాని భావం. ఇది అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ వస్తుంది.

సైక్లిస్టులకు ఇంకో చిక్కు ఉంది. నడక, పరుగు, గెంతడం వల్ల ఎముకల మీద భారం పడి అవి గట్టిపడతాయి. సైకిల్ మీద ఆ భారం సీటు మోస్తుంది. అందుకే గుండె, ఊపిరితిత్తులు అద్భుతంగా ఉన్న ప్రొఫెషనల్ రైడర్లలో కూడా వెన్నెముక ఎముకల సాంద్రత తక్కువగా ఉండటం వైద్యులు గమనించారు. మీ పిల్లలు సైక్లింగ్ లేదా ఈత నేర్చుకుంటుంటే, వాటితోపాటు పరుగు, స్కిప్పింగ్, కబడ్డీ, బాస్కెట్‌బాల్ లాంటివి కూడా ఆడనివ్వండి.

ఇంకో చేదు నిజం కూడా దాచకూడదు. ఈ ఆట చరిత్రలో మందుల నీడ ఉంది. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్‌లను 2012లో రద్దు చేశారు. పైన చెప్పుకున్న పంతానీని 1999 జీరో రేసులో రక్తపరీక్ష ఫలితం అనుమతించిన హద్దు దాటడంతో గెలుపు అంచున ఉండగా బయటికి పంపారు. 2004లో 34 ఏళ్లకే అతను చనిపోయాడు. ఫోటోలో కనిపించే ప్రతి సన్నటి శరీరమూ సాధన వల్లే వచ్చిందని అనుకోవడానికి లేదు.

ఆ సన్నటివారు ఏం తింటారో తెలుసా?

అన్నం. అవును, తెల్లన్నమే! టూర్ జట్ల వంటవాళ్లు రోజూ పెద్ద మొత్తంలో అన్నం, పాస్తా వండుతారు. అన్నాన్ని ముద్దగా చేసి, ముక్కలుగా కోసి, రేకు కాగితంలో చుట్టి రైడర్ల సంచుల్లో పెడతారు. కొండల స్టేజీ ఉన్న రోజు ఒక్కో రైడర్ 5,000 కిలోకేలరీల పైన ఖర్చు చేస్తాడు. అందుకే సైకిల్ మీద ఉండగానే గంటకు 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం లోపలికి పంపుతారు. 120 గ్రాములంటే 400 గ్రాముల పైచిలుకు వండిన అన్నంలో ఉండేంత. గంటగంటకూ అంత!

అన్నం మానేస్తే ఛాంపియన్ అవుతారని నమ్మే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు. ఈ తరం రైడర్లు గతంలోకన్నా వేగంగా వెళ్తున్నారంటే దానికి ఒక ముఖ్య కారణం రేసులో కడుపు మాడ్చుకోవడం మానేసి, కొలిచి తినడం నేర్చుకోవడమే.

మన పిల్లలకు ఎంత కావాలి?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు రోజుకు ఎంత ఆహారం కావాలో 2020లో సవరించిన పట్టిక ఇచ్చింది. దాని ప్రకారం 13–15 ఏళ్ల అబ్బాయికి 2,860 కిలోకేలరీలు, అదే వయసు అమ్మాయికి 2,400 కిలోకేలరీలు కావాలి. కూర్చుని పనిచేసే పురుషుడికి 2,110, స్త్రీకి 1,660 చాలు.

ఈ అంకెలను ఇంకోసారి చూడండి. ఆఫీసులో కూర్చుని పనిచేసే నాన్నకంటే 9వ తరగతి కొడుక్కి ఎక్కువ తిండి కావాలి. అమ్మకంటే కూతురికి చాలా ఎక్కువ కావాలి. అమ్మానాన్నలు డైటింగ్ మొదలుపెట్టి ఇంట్లో అందరికీ అదే పళ్లెం పెడితే నష్టపోయేది పిల్లలే. మనిషి జీవితాంతం వాడుకునే ఎముక బలంలో పెద్ద భాగం ఈ వయసులోనే జమ అవుతుంది. ఇది డిపాజిట్ కట్టే కాలం, విత్‌డ్రా చేసే కాలం కాదు.

పొద్దున్నే బస్సు తొందరలో టిఫిన్ మానేసి, మధ్యాహ్నం క్యారియర్ సగం తిని, స్టడీ అవర్ అయ్యేవరకు ఖాళీ కడుపుతో కూర్చునే పిల్లలు మన మధ్య చాలామందే ఉన్నారు. ఒక అరటిపండు, వేరుశనగ చిక్కీ, ఉడికించిన గుడ్డు, గుగ్గిళ్లు, చిన్న డబ్బాలో పెరుగన్నం, వీటిలో ఏది పెట్టినా మేలే.

బరువు నిజంగా ఎక్కువ ఉన్న పిల్లల సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. దానికి పిల్లల డాక్టర్‌ను కలవండి. పెరిగే వయసులో కడుపు మాడ్చడం దానికి వైద్యం కాదు. ఆట సమయం పెంచడం, ప్యాకెట్ తిండి, తీపి పానీయాలు తగ్గించడం, నిద్ర సరిచేయడం ఇంటిల్లిపాదీ కలిసి చేయగలిగిన పనులు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి

- పెరిగే వయసులో బరువు పెరగకపోవడం, లేదా తగ్గడం
- అమ్మాయికి వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోవడం
- రోజూ, ఒక్కోసారి రోజుకు రెండు మూడుసార్లు తూకం చూసుకోవడం
- "స్నేహితుల ఇంట్లో తిన్నాను" అంటూ ఇంట్లో అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం
- తిన్న వెంటనే ఎక్కువసేపు బాత్‌రూమ్‌లో ఉండటం
- తరచూ కళ్లు తిరగడం, చలిగా ఉందనడం, చిన్న దెబ్బకే ఎముక నొప్పి
- ఆట ఒక్క రోజు తప్పినా విపరీతంగా కంగారుపడటం

ఇందులో రెండు మూడు కలిసి కనిపిస్తే కోప్పడకండి, బలవంతంగా తినిపించకండి. పిల్లల డాక్టర్‌ను కలవండి. క్లాస్ టీచర్‌కు, స్కూల్ కౌన్సిలర్‌కు చెప్పండి.

కుస్తీ, బాక్సింగ్, తైక్వాండో లాంటి బరువు విభాగాలున్న ఆటల్లో మీ పిల్లలు ఉంటే కోచ్‌ను మూడు ప్రశ్నలు అడగండి. బరువు తగ్గమని ఎందుకంటున్నారు? ఎవరి పర్యవేక్షణలో? పై విభాగంలో ఆడితే నష్టమేమిటి? పిల్లల మేలు కోరే కోచ్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

ఇక ఇంట్లో మాటల సంగతి. పెళ్లిలోనో పండక్కో బంధువులు కలిసినప్పుడు "ఏంటే, ఇంత లావయ్యావు?" అనడం, "గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావురా" అని నవ్వడం మనకు మామూలే. అన్నవాళ్లు మరుసటి నిమిషంలో మర్చిపోతారు. విన్న పిల్లలు అద్దం ముందు ఆ మాటను చాలా రోజులు మోస్తారు. ఆ సమయంలో పక్కనున్న మనం "ఇప్పుడు మా వాడు ఐదు కిలోమీటర్లు ఆగకుండా సైకిల్ తొక్కుతున్నాడు, తెలుసా పిన్నీ?" అని మాట మారిస్తే పిల్లలకు ఎంత ధైర్యమో!

ఇంట్లో చేసి చూడండి: మెట్ల ప్రయోగం

తూకం యంత్రం అక్కర్లేని ప్రయోగం ఇది. మీ అపార్ట్‌మెంట్‌లో ఒక మెట్టు ఎత్తు స్కేలుతో కొలవండి. మెట్లు లెక్కపెట్టి మొత్తం ఎత్తు కనుక్కోండి. మూడు అంతస్తులకు సుమారు 9 మీటర్లు వస్తుంది. బూట్లు వేసుకుని, మెట్ల మీద ఎవరూ లేనప్పుడు, రెయిలింగ్ పక్కగా ఎక్కమనండి. మీరు సమయం చూడండి.

ఒక్కో కిలోకు సామర్థ్యం = 9.8 × ఎత్తు ÷ సమయం.

ఈ సూత్రంలో బరువు ఎక్కడుంది? పైనా కిందా కొట్టేసుకుని పోయింది! అందుకే ఎవరి బరువూ అడగకుండానే అందరి ఫలితాలనూ పోల్చవచ్చు. 9 మీటర్లు 15 సెకన్లలో ఎక్కితే కిలోకు సుమారు 5.9 వాట్లు. 2015 పరీక్షలో ఫ్రూమ్ ఎక్కువసేపు నిలబెట్టగల సామర్థ్యం 419 వాట్లు. 69.9 కిలోలతో భాగిస్తే కిలోకు సుమారు 6 వాట్లు. మీ అమ్మాయో అబ్బాయో ఇంచుమించు అతన్ని అందుకున్నట్టే! తేడా ఒక్కటే. మన పిల్లలకు 15 సెకన్లకే ఆయాసం వస్తుంది. అతను అరగంట అలాగే తొక్కగలడు.

ఆ 15 సెకన్లకూ అరగంటకూ మధ్య ఉన్న దూరమే ఛాంపియన్ సాధన. దాన్ని దాటించేవి రోజూ కొంచెం అభ్యాసం, కడుపు నిండా తిండి, నిద్ర, ఏళ్ల ఓపిక. వచ్చే నెల ఇదే మెట్ల మీద మళ్లీ సమయం చూడండి. రెండు సెకన్లు తగ్గితే డైరీలో రాసుకోమనండి. మీ పిల్లల ఫలితాలను సైన్స్ టీచర్‌కు పంపిస్తే తరగతిలో గ్రాఫ్ గీయించి చర్చిస్తారు. బరువు కాలమ్ మాత్రం ఆ గ్రాఫ్‌లో ఉండదు.